సొంత ఛాసిస్ లేని బాడీ బిల్డర్: వేన్ స్కూలు బస్సుల కంపెనీ ఎదుగుదల, పతనం

కోరాపుట్ జిల్లా జయపురంలో ఇరవై ఆరేళ్లుగా నేను బస్సు బాడీలు కట్టే పనిలో ఉన్నాను. మొదటి పదకొండేళ్లు మరొకరి షెడ్డులో సూపర్‌వైజరుగా పనిచేసి, ఆ తరువాత 26వ నంబరు జాతీయ రహదారి పక్కన సొంత షెడ్డు వేసుకున్నాను. మా పనివాళ్లలో ఎక్కువ మంది సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. బిల్లులు ఒడియాలో రాసినా షెడ్డులో మాట మాత్రం తెలుగే. సునాబెడ, దమన్‌జోడి, నబరంగ్‌పూర్, రాయగడ స్కూళ్ల బస్సులు మా చేతుల మీదుగా రోడ్డెక్కాయి. అలాంటిది, గత నాలుగేళ్లలో మేము ఒక్క కొత్త స్కూలు బస్సు బాడీ కూడా కట్టలేదు. పనిలో నాణ్యత తగ్గి ఈ పరిస్థితి రాలేదు. మరి ఎందుకు వచ్చిందో తేల్చుకోవాలని కూర్చున్నప్పుడు, స్కూలు బస్సుల తయారీలో అందరికంటే ముందు నుంచీ ఉన్న కంపెనీల్లో ఒకటైన అమెరికాలోని వేన్ చరిత్ర నా దృష్టికి వచ్చింది. ఆ కేసును ఒక బాడీ బిల్డరుకు కనిపించిన తీరులో ఇక్కడ రాస్తున్నాను.

ఈ పని తెలియనివారి కోసం ఒక మాట ముందుగా చెప్పాలి. బస్సు ఒకరు తయారు చేసే వస్తువు కాదు, ఇద్దరు తయారు చేసేది. ఇంజను, గేర్‌బాక్సు, చక్రాలు, స్టీరింగు, ఆయిల్ ట్యాంకు, వీటన్నిటినీ మోసే రెండు పొడవాటి లాంగ్ మెంబర్లు కలిసి ఛాసిస్ అవుతాయి. అది పెద్ద కంపెనీ నుంచి వస్తుంది. దాని మీద క్రాస్ మెంబర్లు, పిల్లర్లు, పైకప్పు, రేకులు, ఫ్లోరింగు, సీట్లు, అద్దాలు, తలుపులు కట్టేది బాడీ బిల్డరు. విశాఖపట్నం డీలరు దగ్గర కొన్న ఛాసిస్‌ను, అద్దం కూడా లేకుండా, చెక్క సీటు మీద కూర్చున్న డ్రైవరు సాలూరు ఘాట్ ఎక్కించి మా షెడ్డుకు తెచ్చిన రోజులు ఎన్నో ఉన్నాయి. అమెరికాలో వేన్ దగ్గరికి కూడా ఛాసిస్‌లు ఇలాగే ఇతరుల ఫ్యాక్టరీల నుంచి వచ్చేవి. వేన్ ఎదిగినప్పుడు ఎవరికీ పట్టని ఈ సంగతే చివరికి ఆ కంపెనీ తలరాతను నిర్ణయించిందని నా అభిప్రాయం.

గుర్రపు బండి నుంచి పసుపు బస్సు దాకా

వేన్ వర్క్స్ 1837లో ఇండియానా రాష్ట్రం వేన్ కౌంటీలోని డబ్లిన్ అనే చిన్న ఊళ్లో కమ్మరి పనితో, వ్యవసాయ పనిముట్లతో మొదలై, తరువాత అదే కౌంటీలోని రిచ్‌మండ్‌కు మారింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోపే అది పిల్లలను బడికి తీసుకెళ్లే గుర్రపు బండ్లను తయారు చేస్తోంది. వాటిని కిడ్ హ్యాక్‌లు అనేవారు. చెక్క బండి, రెండు పక్కలా పొడవునా బల్లలు, వాన వస్తే దించుకునే గుడ్డ తెరలు, ఎక్కడానికి వెనుక వైపు తలుపు. పిల్లలు ముందు నుంచి ఎక్కుతూ దిగుతూ ఉంటే గుర్రాలు బెదురుతాయని తలుపును వెనక పెట్టారు. ఇప్పటికీ స్కూలు బస్సు వెనక భాగంలో కనిపించే ఎమర్జెన్సీ తలుపుకు మూలం అక్కడే ఉంది. మా షెడ్డులో వెనక తలుపుకు కీళ్లు బిగించినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

1914లో వేన్ అదే చెక్క బాడీని మోటారు ఛాసిస్ మీదకు ఎక్కించింది. 1930లు వచ్చేసరికి చెక్క పోయి ఉక్కు వచ్చింది. జార్జియా రాష్ట్రంలో ఆల్బర్ట్ లూస్ 1927లో కట్టిన ఉక్కు బస్సుతో బ్లూ బర్డ్ అనే పోటీ కంపెనీ పుట్టుకొచ్చింది. అయితే అప్పటికి ఒక్కో జిల్లా బడి బోర్డు ఒక్కో రంగు, ఒక్కో ఎత్తు, ఒక్కో సీటు వరుస అడిగేది. ఒకే మూసలో వంద బస్సులు పోయడానికి వీలుండేది కాదు.

దీన్ని మార్చినవాడు ఫ్రాంక్ సైర్. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో పల్లెటూరి విద్యను బోధించే ఈయన, 1939లో ఏడు రోజుల సమావేశం పెట్టి, రాష్ట్రాల విద్యాశాఖల ప్రతినిధులను, తయారీ కంపెనీల ఇంజనీర్లను ఒకచోట కూర్చోబెట్టి, బాడీ పొడవు, పైకప్పు ఎత్తు, నడవ వెడల్పు వంటి 44 ప్రమాణాలను ఒప్పించాడు. పసుపు రంగు కూడా అక్కడే ఖాయమైంది. తెల్లవారుజామున, మునిమాపున మసక వెలుతురులో ఆ రంగు మీద నల్ల అక్షరాలు బాగా కనబడతాయన్నది వారి కారణం. మన దేశంలో స్కూలు బస్సుల ప్రమాణమైన ఏఐఎస్-063 చెప్పే బంగారు పసుపు రంగు ఆ నిర్ణయానికి దూరపు చుట్టమే.

ఆ 44 ప్రమాణాల వల్ల వేన్‌కు మేలు జరిగింది, తరువాత కీడు కూడా జరిగింది. ప్రమాణం వచ్చాక పెద్ద యంత్రాలు పెట్టి, ఒకే రకం బాడీలు వందల్లో తీయగలిగారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పుట్టిన పిల్లల సంఖ్య బాగా పెరిగింది, పల్లెల్లోని ఒంటి గది బడులను మూసి పెద్ద బడుల్లో కలిపారు, దూరం నుంచి పిల్లలను తీసుకురావడానికి బస్సులు కావలసి వచ్చాయి. బ్లూ బర్డ్, కార్పెంటర్, సుపీరియర్, థామస్, వార్డ్, వేన్ అనే ఆరు కంపెనీలు ఆ గిరాకీని పంచుకున్నాయి. వేన్ 1967లో రిచ్‌మండ్ శివార్లలో 70వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి దగ్గర కొత్త ఫ్యాక్టరీకి మారింది. కానీ అందరి బాడీ ఒకే కొలత, ఒకే రంగు అయినప్పుడు కొనేవాడికి కనిపించే తేడా ధర ఒక్కటే. అక్కడ స్కూలు బస్సులను ప్రజల పన్నులతో నడిచే బోర్డులు టెండరు ద్వారా కొంటాయి. ఎవరు తక్కువ వేస్తే వారిదే ఆర్డరు.

అతుకు

ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అతుకుల విషయం. అది అర్థం కావాలంటే మా షెడ్డులో జరిగిన ఒక సంఘటన చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, కోరాపుట్ నుంచి జయపురానికి దిగే ఘాట్‌లో రోజూ తిరిగే ఒక స్కూలు బస్సు మా దగ్గరికి వచ్చింది. అది మేము కట్టింది కాదు. మలుపుల్లో పక్క రేకులు కటకటమంటున్నాయని డ్రైవరు చెప్పాడు. మా షెడ్డులో అందరికంటే పెద్దవాడైన సాలూరు మేస్త్రిగారు కుడివైపు మూడో కిటికీ కింద రెండు రేకులు కలిసే చోట వేలు పెట్టి నొక్కారు. రేకు లోపలికి పోయింది. రివెట్ల తలలు అక్కడే ఉన్నాయి, కాని రంధ్రాలు వెడల్పయి, రివెట్లు వదులుగా ఆడుతున్నాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేసరికి వేలు తెగి రక్తం కారుతోంది. గుడ్డ చుట్టుకుంటూ ఆయన అన్న మాట ఇది: "రేకు చిరగనేదు బాబూ, అతుకే ఇడిపోనాది. అతుకు ఇడిపోతే రేకు కొడవలే."

మేస్త్రిగారు వేలితో తెలుసుకున్నది అమెరికాలో ప్రమాదాల దర్యాప్తుల్లో తేలింది. పాత పద్ధతిలో ఒక్కో కిటికీ అరకు ఒక్కో రేకు చొప్పున, ఒకదాని అంచు మరొకదాని మీద వేసి, మధ్యమధ్య రివెట్లు కొట్టేవారు. బస్సు బోర్లా పడినప్పుడు లేదా పక్క నుంచి లారీ గుద్దినప్పుడు ఆ అతుకులు విప్పుకొని, రేకుల అంచులు కత్తుల్లా మారి లోపలి పిల్లలను కోసేవి. దీనికి వేన్ 1973లో ఇచ్చిన సమాధానం లైఫ్‌గార్డ్ అనే నమూనా. బస్సు ముందు నుంచి వెనక దాకా, లోపలా బయటా, పక్క రేకులను మధ్యలో అతుకు లేకుండా ఒకే పొడుగు ముక్కగా, భారీ ప్రెస్సుల మీద మలిచి బిగించారు. అతుకే లేకపోతే విడిపోయేది ఏముంది? నాకు తెలిసినంతలో స్కూలు బస్సు బాడీ నిర్మాణంలో ఇంతకంటే సూటి ఆలోచన మరొకటి లేదు. ఆ పొడవు రేకును వంగకుండా, మెలిక పడకుండా ఎత్తి పిల్లర్ల మీద కూర్చోబెట్టడం ఎంత కష్టమో, ఎనిమిది అడుగుల రేకుతోనే నలుగురం అవస్థపడే మాకు బాగా తెలుసు.

వేన్ స్వచ్ఛందంగా చేసిన పని నాలుగేళ్లలో అందరికీ చట్టమైంది. 1977 ఏప్రిల్ 1 నుంచి అమెరికా ప్రభుత్వం స్కూలు బస్సులకు కొత్త భద్రతా ప్రమాణాలు అమలులోకి తెచ్చింది. బోల్తా పడినా పైకప్పు నలిగిపోకూడదని ఎఫ్ఎంవీఎస్ఎస్ 220, అతుకుల బలానికి 221, ఎత్తైన మెత్తటి సీట్ల మధ్య పిల్లలు నిలిచి ఉండేలా 222. అందరూ అతుకులు గట్టి చేయాల్సి వచ్చాక లైఫ్‌గార్డ్‌కు ఉన్న ప్రత్యేకత మాసిపోయింది. ప్రెస్సులకు పెట్టిన ఖర్చు మాత్రం వేన్ పుస్తకాల్లో మిగిలింది. తక్కువ ధర వేసినవాడికే ఇచ్చే టెండరులో, చట్టం అడిగినదానికంటే బలంగా కట్టినందుకు వేరే గడి ఉండదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మా దగ్గర కూడా 18 గేజ్ రేకు వేస్తామని రాసి అంతకంటే పలుచనైన 20 గేజ్ వేసినవాడి కొటేషనే గెలిచిన సందర్భాలు నేను చూశాను.

కిందనున్నది ఎవరిది?

1971లో అమెరికా ప్రభుత్వ బడుల్లో సుమారు 4 కోట్ల 60 లక్షల మంది పిల్లలు ఉండగా, 1984 నాటికి ఆ సంఖ్య సుమారు 3 కోట్ల 90 లక్షలకు తగ్గింది. యుద్ధానంతరం పుట్టినవారు బడి దాటిపోయారు. ఆరు ఫ్యాక్టరీలు, వాటి యంత్రాలు, కూలీలు అలాగే ఉన్నారు. బస్సులు కొనేవారు తగ్గారు. వార్డ్ దివాలా తీసి కొత్త పేరుతో, ఆమ్‌ట్రాన్‌గా, మళ్లీ తెరుచుకుంది. సుపీరియర్ స్కూలు బస్సుల తయారీ మానేసింది. వేన్ యాజమాన్యం కూడా 1950ల నుంచి పలుమార్లు చేతులు మారింది. పాల బండ్లు తయారు చేసే డివ్‌కోతో కలిసింది, తరువాత పెద్ద సంస్థల ఆస్తుల జాబితాలో ఒక పద్దుగా మిగిలింది. ఈ చేతుల మార్పిడి గురించి పెద్దగా రాయవలసింది లేదు. చిన్న వ్యాను ఛాసిస్ మీద వెనక జంట చక్రాలతో కట్టిన బ్యూసెట్ వంటి మంచి నమూనాలు ఈ కాలంలోనే వచ్చాయి కాబట్టి, వేన్‌లో తెలివి ఎండిపోయిందని ఎవరూ అనలేరు.

అసలు దెబ్బ ఛాసిస్ వైపు నుంచి వచ్చింది. 1970ల చివర్లో డాడ్జ్ స్కూలు బస్సు ఛాసిస్‌ల నుంచి తప్పుకుంది. మిగిలినవి ప్రధానంగా మూడు: ఇంటర్నేషనల్, జనరల్ మోటార్స్, ఫోర్డ్. బాడీ బిల్డర్లు ఆ ముగ్గురి దగ్గరా సమానంగా కొనుక్కోగలిగినంత కాలం ఆట సమానంగా ఉంది. 1991లో ఇంటర్నేషనల్ ఛాసిస్ తయారుచేసే నావిస్టార్ సంస్థ ఆమ్‌ట్రాన్‌లో మూడో వంతు వాటా కొన్నది. 1995లో మొత్తం కొనేసింది. దాదాపు అదే సమయంలో జనరల్ మోటార్స్ తన స్కూలు బస్సు ఛాసిస్‌ను బ్లూ బర్డ్‌కు ప్రత్యేకం చేస్తూ ఒప్పందం కుదుర్చుకుంది. వేన్‌కు ఏ ఛాసిస్ కంపెనీతోనూ బంధుత్వం లేదు. 1992లో వేన్ దివాలా తీసింది. దాని ఆస్తులు కొన్న హార్స్‌కో సంస్థ వేన్ వీల్డ్ వెహికల్స్ పేరుతో మరో మూడేళ్లు బస్సులు తీసి 1995లో ఆపేసింది.

ఒప్పందాలు రాకముందు కూడా ఛాసిస్ మాటే చెల్లేదని చూపే విషాదం ఒకటుంది. 1988 మే 14న కెంటకీ రాష్ట్రం కారల్‌టన్ దగ్గర, తాగి ఎదురు దారిలో వచ్చిన పికప్ ఒక బస్సును గుద్దింది. ముందు తలుపు పక్కనే ఉన్న ఇంధనపు ట్యాంకు చిల్లుపడి మంటలు లేచాయి. ముందు దారి మూసుకుపోయింది, వెనక తలుపు ఒక్కటే మిగిలింది, ఇరుకు నడవలో ఒకరి మీద ఒకరు పడి 27 మంది చనిపోయారు. ఒకప్పుడు బడికి నడిచిన ఆ బస్సు బాడీ సుపీరియర్‌ది, ఛాసిస్ ఫోర్డ్‌ది. ఆ ఛాసిస్ తయారైన తేదీ 1977 మార్చి 23. ఏప్రిల్ 1 నుంచి కొత్త ప్రమాణాలు, అందులో ఇంధనపు ట్యాంకుకు రక్షణ కోరే 301 కూడా, అమలయ్యాయి. తొమ్మిది రోజుల తేడాతో ఆ బస్సుకు అవేవీ వర్తించలేదు. ఆ సంఘటన తరువాత కెంటకీలో స్కూలు బస్సుకు తొమ్మిది ఎమర్జెన్సీ మార్గాలు ఉండాలని నిబంధన వచ్చింది. బాడీ ఎంత తరువాత కట్టినా ఆ బండి ఏ చట్టం కిందికి వస్తుందో ఛాసిస్ తేదీ తేల్చింది. ఈ భాగం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా షెడ్డులో

వేన్‌కు జరిగినది మా దగ్గర వేరే దారిలో జరిగింది. 1997 డిసెంబరులో ఢిల్లీ రవాణా కేసులో సుప్రీంకోర్టు స్కూలు బస్సులకు నిబంధనలు పెట్టింది: కిటికీలకు అడ్డ కమ్ములు, తాళం పడే తలుపులు, అగ్నిమాపక సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె, సీట్ల కింద పుస్తకాల సంచులకు చోటు, గంటకు 40 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ గవర్నరు, ముందూ వెనకా స్కూల్ బస్ అనే రాత. ఇవన్నీ బాడీ పనులే. ఊరూరా స్కూళ్లు వాటిని పాటించడం మొదలుపెట్టినప్పుడు మాలాంటి షెడ్లకు చేతినిండా పని దొరికింది. మా మంచి రోజులు అవే.

తరువాత బస్ బాడీ కోడ్, అంటే ఏఐఎస్-052 అమలు మొదలైంది. బాడీ నిర్మాణం పరీక్షకు నిలవాలి, పుణెలోని ఏఆర్ఏఐ, సీఐఆర్టీ వంటి వాహన పరీక్షా సంస్థల నుంచి ఆమోదం ఉండాలి. ఇది న్యాయమైన నిబంధన. పిల్లలు కూర్చునే బండిని ఎవరు పడితే వారు ఎలా పడితే అలా కట్టకూడదని నేను మనసా నమ్ముతాను. కానీ ఒక నమూనా ఆమోదానికి అయ్యే ఖర్చును ఏడాదికి వేల బాడీలు కట్టేవాడు వేల బాడీల మీద పంచుకుంటాడు. పాతిక కట్టేవాడికి ఆ పాతికే దిక్కు. 2017 ఏప్రిల్ 1న ఇంజను పొగకు సంబంధించిన బీఎస్-4 ప్రమాణం, జులై 1న జీఎస్టీ వచ్చాయి. కొనుగోలుదారు ఇచ్చిన ఛాసిస్ మీద కడితే అది జాబ్ వర్కు, 18 శాతం. మన ఛాసిస్ మీద కట్టి అమ్మితే అప్పట్లో 28 శాతం అన్న వివరణ 2018 ఆగస్టులో వచ్చేదాకా ఏది ఎంతో తెలియక బిల్లులు ఆగాయి. ఈలోగా టాటా, అశోక్ లేలాండ్, ఐషర్ వంటి ఛాసిస్ కంపెనీలే పూర్తిగా కట్టిన స్కూలు బస్సులను, ఒకే బిల్లు, ఒకే వారంటీ, ఒకే లోనుతో అమ్మడం పెంచాయి. స్కూలు కరస్పాండెంటు కోణంలో చూస్తే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఛాసిస్‌కు ఒక లోను, బాడీకి మరో అడ్వాన్సు, మధ్యలో రెండు నెలల ఎదురుచూపు ఎవరికి ఇష్టం?

2019లో ఒక స్కూలు మాకు ఆరు బాడీల ఆర్డరు ఇచ్చింది. ఛాసిస్‌లు వారే కొని పంపాలి. డీలరు నెల, మరో నెల అంటూ జరిపాడు. చివరికి బాడీ లేని ఛాసిస్ ఇవ్వడానికి ఆలస్యమవుతుంది, కట్టిన బస్సు అయితే వెంటనే ఇస్తామని స్కూలువారికి చెప్పాడు. ఆ ఆరింటి కోసం నేను ముందే తెప్పించిన చతురస్రపు పైపులు, రేకులు షెడ్డు మూలన తుప్పు పట్టాయి. 2020 మార్చిలో స్కూళ్లు మూతపడ్డాయి, ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. తిరిగి తెరిచాక కొత్త ఛాసిస్ పట్టుకొని వచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. వారిలో స్కూలువారు ఒక్కరూ లేరు.

వేన్ ఖాళీ చేసిన రిచ్‌మండ్ ఫ్యాక్టరీలోకి 1995లో మరో పాత కంపెనీ కార్పెంటర్ వచ్చి చేరింది. అది కూడా 1918లో ఒక కమ్మరి మొదలుపెట్టిన కంపెనీయే. 2001లో అదీ మూతపడింది. కార్పెంటర్‌కు కొత్త గోడలు కలిసి రాలేదు.

ఇప్పుడు మా షెడ్డుకు వచ్చేవి కంపెనీ కట్టిన పసుపు బస్సులే, రిపేరుకు. కిందటి జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు, ఫిట్‌నెస్‌కు పెట్టాలని ఒకటి తెచ్చారు. మేస్త్రిగారికి కంటిచూపు కొంత తగ్గింది. ఆయన వెనక తలుపు తీసి వేసి చూశారు, పక్క రేకుల అతుకుల మీద వేలు కాకుండా ఈసారి స్క్రూడ్రైవరు పిడి ఆనించి నొక్కారు, తరువాత టార్చి పట్టుకొని డ్రైవరు సీటు దగ్గర వంగారు. ఏం వెతుకుతున్నారని అడిగాను. కారల్‌టన్ సంగతి నేను చెప్పినప్పటి నుంచి ఏ బస్సు వచ్చినా ముందు ఛాసిస్ ప్లేటు మీది నెల, సంవత్సరం చూడటం ఆయనకు అలవాటైంది. "సదువు బాబూ," అని టార్చి నా చేతికి ఇచ్చారు. నేను చదివాను, కుర్రవాడు జాబ్ కార్డు మీద మొదటి వరసలో రాసుకున్నాడు.